గనిలో ఒక్కరుగా పోయినవారిని ఎలా స్మరించుకోవాలి? పేరు పక్కన కారణం కూడా రాయండి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ తాతగారు భూగర్భ బొగ్గు గనిలో కప్పు కూలి చనిపోయారు. ఆ రోజు పోయింది ఆయన ఒక్కరే. వందల మంది ఒకేసారి చనిపోయిన ప్రమాదాలకు స్తూపాలు ఉన్నాయి, ఏటా సంస్మరణ సభలు జరుగుతున్నాయి. ఇలా ఒక్కరుగా పోయినవారిని ఎలా గుర్తుపెట్టుకోవాలి, సంస్మరణ రోజున ఏం చేయాలి, అసలు వారు ఎలాంటి అపాయాల మధ్య పనిచేశారు అని అడిగారు.

నేను భూగర్భ గనుల్లో 31 ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం షిఫ్టు పనిని పర్యవేక్షించే ఓవర్‌మాన్‌గా, చివరి కొన్నేళ్లు భద్రతా విభాగంలో ఉన్నాను. పదవీ విరమణ తరువాత, మేము పనిచేసిన గనిలో చనిపోయినవారి వివరాలు సేకరించే పనిని మరో ముగ్గురు పాత కార్మికులతో కలిసి చేపట్టాను. మీ ప్రశ్నకు ఆ అనుభవం నుంచే జవాబు చెబుతున్నాను.

పేరు, తేదీ రాసి ఆపకండి. ఆయన ఏ చోట, ఏ పని చేస్తుండగా, ఏ కారణంతో చనిపోయారో కూడా రాయండి. నా దృష్టిలో గని కార్మికుడికి తగిన స్మారకం అదే. రాతి మీద చోటు లేకపోతే ఒక పుస్తకంలో రాసి ఆ రాతి దగ్గరే ఉంచండి. కారణం లేని పేర్ల జాబితాను చదివినవారికి దుఃఖం కలుగుతుందే తప్ప, ఆ మనిషి ఎదుర్కొన్నది ఏమిటో, దాన్ని ఆపడం సాధ్యమయ్యేదో కాదో తెలియదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో 1812 మే 25న గ్యాసు పేలి 92 మంది చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. అప్పట్లో ఇలాంటి ప్రమాదాల వివరాలు బయటికి పొక్కకుండా చూడడం గని యజమానులకు అలవాటు. కానీ అక్కడి మతాచార్యుడు జాన్ హాడ్జ్‌సన్ చనిపోయినవారి పేర్లు, వయసులు, గని లోపలి అమరిక, పేలుడు జరిగిన తీరు అన్నీ రాసి ప్రచురించారు. ఆ రాత కలిగించిన కదలికతో మరుసటి ఏడాది గని ప్రమాదాల నివారణకు ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘమే శాస్త్రవేత్త హంఫ్రీ డేవీని ఆశ్రయించింది, 1815లో డేవీ భద్రతా దీపం తయారైంది. 92 మందిని పూడ్చిపెట్టి ఊరుకోకుండా, వారు ఎలా పోయారో ఒకరు ఓపికగా రాసిపెట్టడం వల్ల జరిగిన మేలు ఇది. ఆ దీపం వచ్చాక, అంతకుముందు గ్యాసు భయంతో వదిలేసిన బొగ్గు పొరల్లోకి కూడా మనుషుల్ని పంపారు, అందువల్ల పేలుళ్లు వెంటనే తగ్గలేదు. అయినా గ్యాసు ఉన్నట్టు మంటను చూసి తెలుసుకునే సాధనం కార్మికుడి చేతికి వచ్చింది.

ఇక వారు ఎదుర్కొన్న అపాయాల గురించి చెబుతాను. అన్నింటికీ సమానంగా చోటివ్వను, ఎందుకంటే మీ తాతగారి ప్రాణం తీసింది కప్పు. ఎన్నో దేశాల భూగర్భ గనుల్లో తరతరాలుగా ఒక్కొక్కరుగా, ఇద్దరిద్దరుగా మనుషుల్ని తీసుకుపోయినదీ అదే. పేలుడు వార్త అవుతుంది. కప్పు కూలి ఒకరు చనిపోతే మరుసటి షిఫ్టు మామూలుగానే దిగుతుంది.

కప్పు గురించి. బొగ్గు తీసేసిన చోట పైనున్న రాతి పొర ఆధారం కోల్పోతుంది. ఇసుకరాయి ఒక ఘనమీటరు 2 టన్నులకు పైగానే బరువు తూగుతుంది. తల పైన బల్ల అంత వెడల్పు, మూర మందం ఉన్న పలక విడిపడినా మనిషి బతకడం కష్టం. అందుకే షిఫ్టు మొదట్లో సర్దారు, అంటే ఆ చోటి భద్రతను చూసే మేస్త్రీ, చేతికర్రతో కప్పును తట్టి చూస్తాడు. గట్టిగా ఉన్న కప్పు ఖంగున మోగుతుంది. లోపల పొర విడిపోయిన కప్పు పగిలిన కుండలా బోలుగా పలుకుతుంది. రెండో చేతి వేళ్లను కప్పుకు ఆనించి తడితే, చెవికి అందని అదురు వేళ్లకు తెలుస్తుంది. ఈ విద్య ఎవరికైనా పక్కన నిలబడి, చెయ్యి పెట్టి చూసి నేర్చుకుంటేనే వస్తుంది.

కప్పుకు ఆధారంగా కర్ర దిమ్మెలు నిలబెట్టిన రోజుల్లో మరో సూచన కూడా ఉండేది. బరువు మీద పడుతున్నప్పుడు కర్ర ముందుగా కిర్రుమంటుంది, పీచు చిట్లుతుంది, కప్పు నుంచి సన్నటి పొడి రాలుతుంది. ఆ చప్పుడు విని పరుగెత్తి బతికినవారు ఎందరో ఉన్నారు. ఇనుప ఆధారాలు ఎక్కువ బరువు మోస్తాయి గానీ కర్రలా ముందుగా చెప్పవు. పాత కార్మికులు చాలాకాలం కర్రనే ఎక్కువగా నమ్మడానికి కారణం ఇదే. అది మొండితనమని అప్పట్లో కొందరు అధికారులు అనుకోవడం పొరపాటు. తరువాత వచ్చిన రూఫ్ బోల్టులు వేరే పద్ధతిలో పనిచేస్తాయి. కింద నుంచి మోయడానికి బదులు, పైనున్న పొరలన్నింటినీ కలిపి ఒకే దూలంలా కుట్టేస్తాయి. వాటి వల్ల చాలామంది బతికారు.

అయితే తట్టి చూసినా తెలియనివి కొన్ని ఉంటాయి. నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఒక రెండో షిఫ్టులో, కప్పుకు దిమ్మెలు నిలబెట్టే మా టింబర్‌మాన్ కప్పు తట్టాడు, నేనూ తట్టాను, రెండుసార్లూ చక్కగా మోగింది. అరగంట తరువాత అతను దిమ్మె మీద చెక్క చీలిక కొట్టి బిగిస్తుండగా, కోట్ల ఏళ్ల కిందట అక్కడ నిలబడి రాయిగా మారిపోయిన చెట్టు మొదలు ఒకటి కప్పులోంచి జారి అతని మీద పడింది. అలాంటి మొదలు చుట్టూ జారుడుగా, నున్నగా ఉండే పలుచని బొగ్గు తొడుగు ఉంటుంది. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండడం వల్ల అది తిరగేసిన సీసా నుంచి బిరడా ఊడినట్టు జారిపోతుంది, ముందుగా ఏ చప్పుడూ రాదు. అతన్ని బయటికి పంపాక నేను టోపీ దీపం ఎత్తి చూస్తే కప్పులో గుండ్రటి గుంత, దాని గోడలు నల్లగా నిగనిగలాడుతూ కనిపించాయి. అంతకు ముందు దాని చుట్టూ గీత గీసినట్టు ఒక నల్లని వలయం కనిపించి ఉండవచ్చు. నేను దాని కోసం వెతకలేదు. ఆ తరువాత నా దగ్గర శిక్షణకు వచ్చిన ప్రతి కుర్రవాడికీ కప్పు తట్టడం కన్నా ముందు ఆ వలయాన్ని వెతకడం నేర్పించాను. ఇప్పుడు మేము తయారుచేసిన పుస్తకంలో అతని పేరు కింద రాసిన వాక్యం ఇది: "కప్పులోని రాతి చెట్టు మొదలు జారి పడింది, తట్టినప్పుడు తేడా తెలియలేదు." అతని కొడుకు ఆ వాక్యం చదివి, తండ్రి తప్పేమీ లేదని అన్నేళ్ల తరువాత మొదటిసారి తెలిసిందని నాతో అన్నాడు.

గ్యాసు, బొగ్గు దుమ్ము. బొగ్గులోంచి వచ్చే మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆ పేలుడు నేల మీదా, దూలాల మీదా పేరుకున్న మెత్తని బొగ్గు దుమ్మును పైకి లేపుతుంది. మంట ఆ దుమ్మును అంటుకుంటే గ్యాసు ఏమాత్రం లేని గ్యాలరీల్లో (గని లోపలి సొరంగ దారుల్లో) కూడా కిలోమీటర్ల కొద్దీ పరుగెడుతుంది. ఫ్రాన్సులోని కూరియేర్ గనుల్లో 1906 మార్చి 10న 1,099 మంది ఇలాగే చనిపోయారు. అక్కడ ఎవరూ మిగిలి ఉండరని గాలింపు ఆపేసిన తరువాత, ప్రమాదం జరిగిన 20 రోజులకు 13 మంది చీకట్లో దారి వెతుక్కుంటూ బతికి బయటికి వచ్చారు. గాలింపు ఇంకా ముందు నుంచే సరిగా సాగి ఉంటే ఇంకెందరు బతికేవారో అన్న ప్రశ్న ఆ స్మారకం దగ్గర నిలబడే ప్రతివారిలోనూ కలగాలి. దుమ్ము అంటుకోకుండా సున్నపురాయి పొడి చల్లడం, గని రక్షక దళాలను సిద్ధంగా ఉంచడం వంటివి ఇలాంటి ప్రమాదాల తరువాతే గట్టిపడ్డాయి.

పేలుడులో కాలి చనిపోయేవారి కన్నా, ఆ తరువాత మిగిలే విషవాయువుతో చనిపోయేవారే చాలాసార్లు ఎక్కువ. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేల్స్‌లోని టైలర్స్‌టౌన్‌లో 1896లో జరిగిన పేలుడు తరువాత శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ మృతదేహాలను పరిశీలించి, ఎక్కువ మంది ఈ వాయువు వల్లనే చనిపోయారని తేల్చారు. గనుల్లోకి కెనరీ పిట్టలను తీసుకువెళ్లాలన్న సలహా కూడా ఆయనదే. మనిషి కన్నా ముందు పిట్ట సొమ్మసిల్లుతుంది, ఆ కొద్ది నిమిషాల్లో మనిషి వెనక్కి తిరగాలి. 2014లో టర్కీలోని సోమా గనిలో 301 మంది చనిపోయినప్పుడు కూడా ఎక్కువ మందిని చంపింది ఈ వాయువే. అంటే నూరేళ్లకు పైగా తెలిసిన శత్రువే.

నీరు. వదిలేసిన పాత పనుల్లో నిలిచిన నీరు కొత్త పనుల్లోకి విరుచుకుపడితే పారిపోయే సమయం ఉండదు. మన దేశంలో ధన్‌బాద్ ప్రాంతంలోని చస్‌నాలా గనిలో 1975 డిసెంబరు 27న నీరు చొరబడి 375 మంది చనిపోయారు. చాలా సందర్భాల్లో దీని వెనుక పాత పటాలు సరిగా లేకపోవడం ఉంటుంది. 2002లో అమెరికాలోని క్వెక్రీక్ గనిలో పక్కనున్న పాత గని హద్దు అసలు ఎక్కడి దాకా వచ్చిందో చూపే పటం వారి చేతిలో లేకపోవడం వల్ల 9 మంది నీటి మధ్య చిక్కుకుపోయారు. అదృష్టవశాత్తు అందరినీ పైకి తీయగలిగారు. 1989 నవంబరులో రాణిగంజ్ ప్రాంతంలోని మహాబీర్ గనిలో నీరు ముంచెత్తినప్పుడు 6 మంది చనిపోయారు. మిగిలిన 65 మందిని, పైనుంచి బోరు వేసి ఇనుప గొట్టం లాంటి పెట్టెలో ఒక్కొక్కరినే పైకి లాగారు. ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ స్వయంగా ఆ పెట్టెలో కిందికి దిగి, చివరిదాకా అక్కడే ఉండి అందరినీ పంపించారు. గనుల గురించి మాట్లాడేటప్పుడు పోయినవారితో పాటు ఈ 65 మందిని కూడా తలచుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే సాధ్యమైనది ఏమిటో వారు చూపించారు.

తాడు తెగి వెనక్కి దొర్లే టబ్బులు (బొగ్గు మోసే తొట్టె బండ్లు), తెరిచి ఉన్న యంత్రాల పళ్లు, బొగ్గు పగలగొట్టడానికి పెట్టిన పేలుడు మందు పేలక మిగిలిన రంధ్రాలు కూడా మనుషులను తీసుకుపోయాయి. వీటి గురించి వివరంగా రాయడం లేదు, కానీ మీరు జాబితా తయారుచేస్తే అందులో ఇలాంటి మరణాలు తప్పక కనిపిస్తాయి.

ఊపిరితిత్తులు. గని బయట జరిగిన మరణాలను కూడా లెక్కించండి. ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడి, ఇంట్లో మంచం మీద, రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని నిద్రపోయే స్థితికి వచ్చి పోయినవారు ఏ ప్రమాద రిజిస్టరులోనూ ఉండరు. మా పుస్తకంలో వారికి ఒక భాగం కేటాయించాము. దాని గురించి మాలో వాదన జరిగింది. స్మారకం ప్రమాదాలకే పరిమితం కావాలని ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పాలి.

మొదటిది, అధికారిక లెక్కను చివరి మాటగా తీసుకోకండి. ముఠా మేస్త్రీల కింద, తండ్రి వెంట, లేదా వేరొకరి పేరు మీద పనిచేసినవారు చాలా గనుల్లో రిజిస్టర్లకు ఎక్కలేదు. అమెరికాలోని మోనొంగా గనిలో 1907 డిసెంబరు 6న జరిగిన పేలుడులో అధికారికంగా 362 మంది చనిపోయారు. పేరు నమోదు కాని సహాయకులు ఎందరు ఉన్నారో అన్న సందేహం నేటికీ ఉంది. బెల్జియంలోని మార్సినెల్‌లో 1956 ఆగస్టు 8న చనిపోయిన 262 మందిలో 136 మంది ఇటలీ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవారు. ఇటలీ ఆ తేదీనే పరాయి దేశాల్లో ప్రాణాలు కోల్పోయిన తన కార్మికుల సంస్మరణ దినంగా పాటిస్తోంది. అలాగే కాపాడటానికి వెళ్లి పోయినవారిని మరవకండి. ఇంగ్లండులోని ఓక్స్ గనిలో 1866 డిసెంబరులో మొదటి పేలుడు జరిగిన మరుసటి రోజు మళ్లీ పేలి, లోపల వెతుకుతున్న 27 మంది రక్షకులు చనిపోయారు.

రెండోది, మీకు దొరికే విచారణ కాగితంలో "మృతుడి స్వంత నిర్లక్ష్యం" అని రాసి ఉంటే బెదిరిపోకండి, దాన్ని అలాగే ఎత్తి రాయకండి కూడా. చనిపోయిన మనిషి జవాబు చెప్పలేడు కాబట్టి ఆ మాట రాయడం తేలిక. నేను చదివిన కాగితాల్లో అలా రాసినచోట వెనక్కి వెళ్లి చూస్తే, ఆ షిఫ్టులో దిమ్మెలు సమయానికి రాలేదనో, ఇద్దరు చేయాల్సిన పనికి ఒక్కరినే పంపారనో తేలిన సందర్భాలు ఉన్నాయి. అన్నిసార్లూ అలా తేలదు. కొన్నిసార్లు మనిషి నిజంగానే తొందరపడతాడు. అప్పుడు కూడా ఎందుకు తొందరపడ్డాడో అడగాలి. టబ్బుల లెక్కన కూలి ఇచ్చే రోజుల్లో, దిమ్మె నిలబెట్టే సమయానికి కూలి ఉండేది కాదు.

మూడోది మాటల గురించి. సంస్మరణ సభల్లో "ప్రాణత్యాగం", "బలిదానం" అనే మాటలు వాడుతుంటారు. గౌరవంతోనే అంటారని తెలుసు. కానీ మీ తాతగారు ఆ రోజు ప్రాణం ఇవ్వడానికి గని దిగలేదు, కూలి తెచ్చుకుని ఇంటికి రావడానికి దిగారు. ఆయన ఇవ్వలేదు, పోగొట్టుకున్నారు. త్యాగం అనగానే ఇక ఎవరూ ఎవరికీ జవాబు చెప్పనవసరం లేకుండా పోతుంది. వేల్స్‌లోని సెంగెనిథ్‌లో 1913 అక్టోబరు 14న 439 మంది కార్మికులు, ఒక రక్షకుడు చనిపోయిన తరువాత మేనేజరుకు 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా పడింది. అదే గనిలో 1901లో పేలుడు జరిగి 81 మంది పోయి అప్పటికి 12 ఏళ్లే అయింది. ఇలాంటి చోట త్యాగం అనే మాట నాకు నోట రాదు.

అన్నిచోట్లా ఇలాగే జరిగిందని కాదు. 1862 జనవరిలో ఇంగ్లండులోని హార్ట్‌లీ గనిలో నీరు తోడే యంత్రపు ఇనుప దూలం విరిగి, గనికి ఉన్న ఒకే ఒక్క నిలువు బావిలో పడి దారి మూసుకుపోయింది. 204 మంది చనిపోయారు. అదే ఏడాది, గనికి కనీసం రెండు దారులు ఉండాలని అక్కడ చట్టం వచ్చింది. నేను పని మొదలుపెట్టిన రోజున, ఏదైనా జరిగితే రెండో దారి ఎటు ఉందో చూపించి నడిపించారు. ఆ దారి వెనుక ఉన్న 204 మంది గురించి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ దారిని ఇంకా శ్రద్ధగా నడిచి ఉండేవాడిని.

ఇప్పుడు మీ తాతగారి విషయానికి వస్తాను. కుటుంబానికి వచ్చిన నష్టపరిహారపు కాగితాలు ఉంటే ముందు అవి వెతకండి. వాటిలో తేదీ, పని పేరు, సాధారణంగా గాయం వివరం ఉంటాయి. ఆ తేదీ దొరికితే గనుల తనిఖీ శాఖ రికార్డులు, పోలీసు పంచనామా, కార్మిక సంఘం పాత దస్త్రాలు, ఆ వారం పత్రికలు వెతకడం సులువవుతుంది. ఆయనతో దిగినవారు ఎవరైనా బతికి ఉంటే కాగితాల కోసం ఆగకుండా ముందు వారి దగ్గరకే వెళ్లండి, కాగితాలు నిలుస్తాయి గానీ మనుషులు నిలవరు. మీ ఇంట్లోవారి సమ్మతి కూడా తీసుకోండి. మేము వివరాలు అడిగినప్పుడు ఒక తల్లి, తన కొడుకు పేరు రాయండి గానీ ఎలా పోయాడో రాయవద్దని చెప్పారు. ఆ పేరు కింద గీత గీసి ఖాళీగా ఉంచాము.

సంస్మరణ రోజున ఏం చేయాలని కూడా అడిగారు కాబట్టి మేము చేసేది చెబుతాను. గని దిగేముందు ల్యాంప్ రూమ్ దగ్గర ప్రతి ఒక్కరికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఉండేది. దిగేటప్పుడు ఇచ్చి దీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. షిఫ్టు ముగిశాక కొక్కేనికి ఒక బిళ్ల మిగిలిందంటే ఒక మనిషి కిందే ఉన్నాడని అర్థం. మేము ఒక చెక్క పలకకు కొక్కేలు కొట్టి, చనిపోయినవారి నంబర్లతో బిళ్లలు తయారుచేయించాము. ఆ రోజున పేరు, చోటు, కారణం ఒక్కొక్కటిగా చదువుతాము. కుటుంబం నుంచి వచ్చినవారు ఆ బిళ్లను కొక్కెం నుంచి తీసి చేతిలో పట్టుకుంటారు. రాని కుటుంబాల బిళ్లలు కొక్కేలకే ఉంటాయి. ప్రసంగాలు పెట్టుకోలేదు.

విచారణ కాగితం దొరికితే అందులో గ్యాలరీ నంబరు, పిల్లరు, గోఫ్, డిప్ వంటి మాటలు ఉంటాయి, కొన్నిసార్లు చేత్తో గీసిన చిన్న పటం కూడా జతచేసి ఉంటుంది. అవి అర్థం కాకపోతే పేర్లు తీసేసి ఆ వాక్యాలు ఇక్కడ రాయండి. ఆయన ఎక్కడ నిలబడి ఉన్నారో, కప్పు ఎటు నుంచి వచ్చి ఉంటుందో నాకు తెలిసినంత వరకు వివరిస్తాను.